తాళం వేసిన గేటు చూసి చేర్చకండి

తెనాలి, బాపట్ల, రేపల్లె వైపు ఏ ఇంట్లోనైనా తాగుడు మాన్పించే సెంటర్ కోసం వాకబు మొదలైందంటే, అప్పటికే పరువు పోతోందన్న బెంగ ఇల్లంతా కమ్మేసి ఉంటుంది. అందుకే ఎవరి కంటా పడని దూరపు చోటు వెతుకుతారు. ఎంపిక తప్పేది చాలాసార్లు అక్కడే.

అపోహ: మూణ్ణెల్లు ఎవరినీ కలవనివ్వకపోతేనే మనిషి మారతాడు.

వాస్తవం: మీరు వెళ్లి చూడగలిగేదే మంచి చోటు. మద్యం, మత్తుమందుల వల్ల వచ్చే మానసిక సమస్యలు 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కిందికే వస్తాయి. ఇలాంటి రోగులను చేర్చుకుని వైద్యం చేసే కేంద్రానికి ఆ చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉండాలి. ఆ సర్టిఫికెట్ చూపించమని అడగండి. చేరినవారికి ఇంటివాళ్లతో ఫోన్లో మాట్లాడే హక్కుంది. గొలుసులతో కట్టేయడం నిషేధం. వంటగది, పడకలు, బాత్రూములు చూపించమంటే గుమ్మంలోనే ఆపేసే చోట మీ వాణ్ణి వదలకండి. "బండి పంపిస్తాం, నలుగురొచ్చి ఎత్తుకొస్తారు" అనేవాళ్ల జోలికి అసలే పోకండి.

అపోహ: మానెయ్యాలేగానీ డాక్టరెందుకు?

వాస్తవం: ఏళ్ల తరబడి రోజూ తాగేవాడు ఉన్నపళాన ఆపితే వణుకు, చెమటలు పడతాయి. కొందరికి మొదటి రెండు రోజుల్లోనే ఫిట్స్ వస్తాయి. రెండు మూడు రోజులకు లేనివి కనిపించి, వినిపించి ప్రాణం మీదికి రావచ్చు. కాబట్టి ముందు ఆసుపత్రి, తర్వాతే సెంటర్. తెనాలికి పాతిక కిలోమీటర్ల దూరంలోని గుంటూరు జనరల్ ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది.

అపోహ: కూరలో మందు కలిపి పెడితే తెలియకుండానే మానేస్తాడు.

వాస్తవం: ఇది ప్రాణాలతో చెలగాటం. తాగుడు మాన్పించడానికి ఇచ్చే డైసల్ఫిరామ్ మాత్ర తెలియకుండా తిని పైన మద్యం తాగితే మొహం ఎర్రబడుతుంది, గుండె దడదడలాడుతుంది, బీపీ పడిపోతుంది. మనిషే పోవచ్చు. అతనికి చెప్పి, ఒప్పించి, డాక్టర్ పర్యవేక్షణలోనే వాడాలి.

అపోహ: కోర్సు అయిపోయింది, ఇక బాగైపోయినట్టే.

వాస్తవం: ఒంట్లో మత్తు దిగడానికి రోజులు చాలు. తాగాలన్న యావ నెలల తరబడి వెంటాడుతుంది. అందుకే అమెరికాలో 1975లో మొదలైన ఆక్స్‌ఫర్డ్ హౌస్‌లలో మానినవాళ్లే కలిసి అద్దె కట్టుకుని ఇల్లు నడుపుకుంటారు. తాగితే మాత్రం ఇల్లు ఖాళీ చెయ్యాలి. మన దగ్గర అలాంటివి అరుదు. మానినవాడికి తోడుండే పని ఇంటివాళ్ల మీదే పడుతుంది. జేబులు తడిమి, నోరు వాసన చూసి దొంగను పట్టినట్టు పట్టుకోవడం వల్ల ఒరిగేదేమీ లేదు. సాయంత్రం పూట చేతినిండా పని, పాత జతగాళ్లకు దూరం, తాగుడు మానాలనుకునేవాళ్లు కలుసుకునే ఆల్కహాలిక్స్ అనానిమస్ మీటింగులు (వాటికి రుసుము లేదు) నిజంగా ఆసరా ఇస్తాయి. చేర్చేముందే సెంటర్‌వాళ్లను అడగండి: "ఇంటికొచ్చాక మావాణ్ణి ఎవరు, ఎన్నాళ్లు చూస్తారు?" దీనికి సూటి జవాబు లేకపోతే వేరే చోటు చూసుకోండి.

అపోహ: మళ్లీ తాగాడంటే పెట్టిన డబ్బంతా బూడిదలో పోసినట్టే.

వాస్తవం: జబ్బు తిరగబెట్టడం మామూలే. తిట్టి గెంటెయ్యకుండా వెంటనే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. ఎటు పోవాలో తోచకపోతే వ్యసన విముక్తి హెల్ప్‌లైన్ 14446కు గానీ, మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు గానీ ఫోన్ చెయ్యండి. డబ్బేమీ కట్టక్కర్లేదు.