నాన్న కంచం పక్కన నా కంచం

మీ నాన్నగారి పక్కన కూర్చుని మీరు ఆఖరిసారి అన్నం తిన్నది ఎప్పుడు? వడ్డించడం గురించి కాదండోయ్ నేనడిగేది. వడ్డించడం మనకి కొత్తేం కాదు. ఆయన కంచం పక్కన మన కంచం కూడా పెట్టుకుని, నాలుగు కబుర్లు చెప్పుకుంటూ తినడం గురించి. ఈ ప్రశ్న నన్ను నేను వేసుకునేసరికి నాకు నలభై నాలుగేళ్ళు వచ్చేశాయి. జవాబు వెతుక్కుంటే చిన్నప్పటి సంగతి ఒక్కటే గుర్తుకొచ్చింది.

ఆఖరి ముద్ద నాది

మాది కోనసీమలో అమలాపురం దగ్గర పల్లెటూరు. నాన్నగారు ఎలిమెంటరీ స్కూలు మాస్టారు. తొమ్మిదింటికల్లా భోంచేసి సైకిలెక్కేవారు. అమ్మ పీట వాల్చి, మంచినీళ్ళ చెంబు పెట్టి వడ్డించేది. నేను స్తంభం పట్టుకుని నిలబడి, ఆయన పెరుగన్నం దాకా ఎప్పుడొస్తారా అని చూసేదాన్ని. ఎందుకంటే ఆ కంచంలో ఆఖరి ముద్ద నాది. పెరుగన్నం ముద్ద మీద ఆవకాయ ముక్క చిదిమి పెట్టి, "రా అమ్మలూ" అని పిలిచి నోట్లో పెట్టేవారు. ఆ తర్వాత నేను మళ్ళీ అన్నం తిన్నా, అంత రుచి ఉండేది కాదు.

ఓణీలు వేసుకునే వయసొచ్చేసరికి ఆ ముద్ద ఆగిపోయింది. ఎవరూ వద్దని చెప్పలేదు. పెద్దపిల్లనయ్యాను కదా, తినే పక్కనుంచి వడ్డించే పక్కకి మారిపోయాను. మగవాళ్ళు లేచాక మేం కూర్చునేవాళ్ళం. అమ్మ మరీ ఆఖర్న, గిన్నెలో మిగిలిందేదో కలుపుకునేది. పెళ్ళయి హైదరాబాదు వచ్చాక నాన్నగారితో ఫోనులో మూడే మాటలు. "తిన్నావా అమ్మా? పిల్లలు బావున్నారా? ఇదిగో అమ్మకిస్తున్నా." అంతే.

జాడీ అడుగున పది ముక్కలు

2022 కార్తీకమాసంలో అమ్మ పోయింది. తమ్ముడు అమెరికాలో ఉంటాడు, రమ్మన్నాడు. నాన్నగారు వెళ్ళనన్నారు. మేం రమ్మన్నాం. "చూద్దాంలే" అన్నారు.

సంక్రాంతికి వెళ్ళి చూస్తే మనిషి సగమయ్యారు. పొద్దున్నే కుక్కర్లో ఇన్ని బియ్యం పడేసుకుని, రెండు పూటలా అదే తింటున్నారు. కూర లేదు, చారు లేదు. ఒక్క ఆవకాయ. అంతకుముందు వేసవిలో అమ్మ పెట్టిన జాడీ అది. మూత తీసి చూస్తే అడుగున పదో పన్నెండో ముక్కలున్నాయి.

"ఇదేం తిండి నాన్నగారూ" అన్నాను.

"రోజుకి ఒక్క ముక్కే తీస్తున్నానమ్మా. అయిపోతుందేమోనని" అన్నారు.

నాకు ఇంక నోట మాట రాలేదు. బతిమాలి, కోప్పడి, చివరికి ఫిబ్రవరిలో మా ఇంటికి తీసుకొచ్చాం. రెండు జతల బట్టలు, మందుల డబ్బా, ఆ జాడీ, అమ్మ కొలిచే ఇత్తడి సోల. ఆయన తెచ్చుకున్న సామానంతా అంతే.

కూతురింటి అన్నం

ఇక్కడికొచ్చాక కుదుటపడతారనుకున్నాను. ఆయనకిష్టమని పనసపొట్టు కూర, కందా బచ్చలి, మజ్జిగ పులుసు అన్నీ చేసేదాన్ని. ఒంటిగంటకల్లా ఆయనకొక్కరికే టేబుల్ మీద వడ్డించి పక్కన నిలబడేదాన్ని. ఆయన తల వంచుకుని తినేవారు. రెండోసారి గరిట ఎత్తితే చాలు, కంచం మీద చెయ్యి అడ్డం పెట్టి "చాలమ్మా" అనేవారు. పదార్థం ఏదైనా అదే మాట.

ఓరోజు బియ్యం డబ్బాలో చెయ్యి పెడితే కవరు తగిలింది. అందులో ఆయన పెన్షన్ డబ్బు! పై నెలలో మళ్ళీ కవరు. నాకు ఏడుపొచ్చేసింది. కన్నకూతురింట్లో తిన్న అన్నానికి వెల కడుతున్నారా అని.

మన ఇళ్ళల్లో ఈ మాట అందరూ వినే ఉంటారు. కూతురింట్లో తండ్రి అన్నం తినకూడదని. మనవలు పుట్టాక ఫరవాలేదంటారు గానీ, ఆ మొహమాటం ఎక్కడికి పోతుంది? కొడుకుండగా కూతురి పంచన చేరాడని ఊళ్ళో అనుకుంటారేమోనన్న బెంగ ఒకటి. 2007లో వచ్చిన చట్టమైతే కన్నవాళ్ళని చూసుకునే బాధ్యత కొడుక్కీ కూతురికీ సమానమేనంది. చట్టం బాగానే చెప్పింది. కంచం దగ్గరికొచ్చేసరికి ఆ చట్టం ఎవరికి గుర్తుంటుంది?

కవరు సంగతి మావారికి చెప్పి ఏడిస్తే, ఆయన తాపీగా ఒక మాటన్నారు. "డబ్బు పెట్టడం తప్ప మావయ్యగారికి ఈ ఇంట్లో ఇంకేం పని ఉంచావు? చుట్టంలా కూర్చోబెట్టి వడ్డిస్తున్నావు. చుట్టం చుట్టంలాగే తింటాడు మరి."

నాకు కోపమొచ్చింది. కానీ రాత్రి పడుకుని ఆలోచిస్తే ఆ మాట నిజమేననిపించింది.

సోల బయటికొచ్చింది

మే నెల వచ్చింది. "నాన్నగారూ, ఆవకాయకి కాయలు తేవాలి. నాకు చూడ్డం రాదు, మీరొస్తారా?" అన్నాను. నిజంగానే రాదు. ఏటా అమ్మే పెట్టి పంపేది. ఆయన ఏమీ అనకుండా లేచి చొక్కా వేసుకున్నారు.

కూకట్‌పల్లి రైతుబజారులో ఆయన్ని చూస్తే ఇన్నాళ్ళూ మా ఇంట్లో ఉన్న మనిషేనా అనిపించింది. ఒక్కో గుట్ట దగ్గర ఆగి, కాయ నొక్కి, తొడిమ దగ్గర వాసన చూసి, ఒక కాయ కోయించి లోపల టెంక చూశారు. "టెంక ముదరకపోతే ముక్క నెలకే మెత్తబడిపోతుంది. కాయ పుల్లగా ఉండాలి, పీచుండాలి" అన్నారు. మా వైపు కొత్తపల్లి కొబ్బరి కాయే వాడతారు. దానికోసం మూడు కొట్లు తిప్పారు. నలభై ఏళ్ళు అమ్మ వెనకాల సంచీ పట్టుకుని తిరిగిన చదువది!

ఇంటికొచ్చి కాయలు కడిగి, తుడిచి ఆరబెట్టాం. పక్కింటివాళ్ళ మామిడికాయ కత్తి తెచ్చి, "టెంకతో సహా ఒక్క దెబ్బకి పడాలి అల్లుడుగారూ" అని మావారి చేత కొట్టించారు. పిల్లల చేత జీడి తీయించి, లోపలి పొర గీకించారు. నేను ఆయన బీపీ తలుచుకుని, ఉప్పు తగ్గిద్దామని సోల నిండకుండా కొలవబోయాను. "ఆగాగు. ఉప్పు తగ్గితే పచ్చడి బూజు పడుతుంది. తగ్గించాల్సింది జాడీలో కాదమ్మా, కంచంలో" అన్నారు. వచ్చి మూడు నెలలయ్యాక ఆయన నన్ను కసిరింది అదే మొదటిసారి. నాకెంత సంతోషమేసిందో!

పచ్చడి జాడీకెత్తాక బేసిన్‌కి అంటుకున్న గుజ్జులో వేడన్నం, నెయ్యి వేసి కలుపుతారు కదా. మా ఇంట్లో అది అమ్మ పని. చుట్టూ చేతులు చాపి నిలబడితే వరసగా ముద్దలు పెట్టేది. ఈసారి బేసిన్ ముందు ఎవరు కూర్చోవాలి? నేను అటూ ఇటూ చూస్తుండగా నాన్నగారే పీట లాక్కుని కూర్చున్నారు. ఆయన అన్నం కలపడం నేనెప్పుడూ చూడలేదు. పిల్లలు చేతులు చాపారు. ఆయన మాత్రం మొదటి ముద్ద నాకు పెట్టారు.

కారం ఘాటో, మరొకటో, కళ్ళమ్మట నీళ్ళు వచ్చేశాయి. కంచం తెచ్చుకుని ఆయన పక్కనే నేల మీద కూర్చున్నాను. పెళ్ళయ్యాక మొదటిసారి. ఆయన తింటూ తింటూ, "ఇంకాస్త అన్నం పెట్టమ్మా" అన్నారు.

మేం మార్చుకున్నవి

అప్పట్నించి మా ఇంట్లో కొన్ని పద్ధతులు మారాయి. మీకూ పనికొస్తాయేమో చూడండి.

పెద్దవాళ్ళకి ముందు పెట్టేసి పంపించెయ్యడం మానేశాను. పొద్దున్న ఎవరి హడావుడి వాళ్ళది గనక, రాత్రి ఎనిమిదింటికి అందరం కలిసి కూర్చుంటాం. గిన్నెలన్నీ మధ్యలో పెట్టేస్తే నిలబడి వడ్డించక్కర్లేదు, కావలసింది వాళ్ళే వేసుకుంటారు.

తిండికి సంబంధించిన పని ఏదో ఒకటి ఆయనకి ఉంచుతున్నాను. చిక్కుళ్ళు ఒలవడం, గోంగూర కాడలు తుంచడం, పాలు తోడుపెట్టడం. ఆయన పని బాగా లేదని వెనకాల మళ్ళీ చెయ్యకూడదు. అది వాళ్ళకి ఇట్టే తెలిసిపోతుంది.

వయసు పెరిగేకొద్దీ నాలుక్కి రుచీ ముక్కుకి వాసనా తగ్గుతాయి. కొన్ని మందులవల్ల కూడా అంతే. "చప్పగా ఉంది" అన్నారంటే మన వంటకి వంక పెట్టినట్టు కాదు. అలాగని ఉప్పు పెంచకూడదు. రోజుకి మనిషికి అయిదు గ్రాములు, అంటే ఓ చిన్న చెంచాడు, అంతకి మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పచ్చళ్ళు, అప్పడాలు, వడియాల్లో ఉప్పు కూడా ఈ లెక్కలోదే. అందుకని కూరల్లో ఉప్పు తగ్గించి నిమ్మరసం, అల్లం, మిరియాలు, కొత్తిమీర, చింతచిగురు వాడుతున్నాను. డాక్టరుగారిని అడిగి, ఆవకాయ మధ్యాహ్నం ఒక్క చిన్న ముక్క అని ఒప్పందం పెట్టుకున్నాం. రాత్రి జాడీ జోలికి పోకూడదు.

పెద్దవాళ్ళకి దాహం కూడా అంతగా తెలియదు. అందుకని పదకొండింటికి పలచటి మజ్జిగ. రెండు గ్లాసులు తెచ్చి, ఒకటి నేను తాగుతాను. ఒక్క గ్లాసు తెస్తే "తర్వాత తాగుతాలే" అంటారు.

మా ఆవకాయ కొలత

సోల లేనివాళ్ళు ఏదో ఒక గ్లాసు పెట్టుకోండి. అన్నిటికీ అదే గ్లాసు వాడాలి.

మామిడికాయ ముక్కలు 4 గ్లాసులు, కారం 1 గ్లాసు, ఆవపిండి 1 గ్లాసు, మెత్తటి ఉప్పు ముప్పావు గ్లాసు, నువ్వులనూనె ఒకటిన్నర గ్లాసు, మెంతులు 2 చెంచాలు. ఇష్టమైనవాళ్ళు వెల్లుల్లి రెబ్బలు వేసుకోవచ్చు.

ఆవాలు ఎండలో పెట్టి పొడి కొట్టుకోవాలి. కారం, ఆవపిండి, ఉప్పు, మెంతులు కలిపి, ముక్కల్ని గుప్పెడు గుప్పెడు నూనెలో ముంచి, పిండిలో దొర్లించి జాడీలో వెయ్యాలి. మిగిలిన పిండీ నూనే పైన పోసి, వాసెన కట్టాలి. మూడో రోజు పొడి గరిటెతో అడుగునించి కలిపి, ఉప్పు చూసుకోవాలి. ముక్కల మీద నూనె తేలకపోతే ఇంకాస్త పొయ్యాలి. ఎక్కడా తడి తగలకూడదు సుమా!

కవరు మాటేమిటంటారా?

ఆ కవరు ఇప్పటికీ వస్తోంది. కాకపోతే బియ్యం డబ్బాలో పెట్టడం లేదు. ఆయన జేబులోనే ఉంటుంది. వారానికి రెండుసార్లు ఆయనే వెళ్ళి కూరలు తెస్తారు. "నీకు వంకాయ చూడ్డం కూడా రాదు" అని నన్ను నలుగురిలో అంటారు. అననివ్వండి.

అమ్మ జాడీ ఖాళీ అయింది. ఏటా కొత్త ఆవకాయ అందులోనే పెడుతున్నాం. అమ్మని ఒక్కసారైనా పక్కన కూర్చోబెట్టుకుని తిననందుకు నా బాధ మాత్రం అలాగే ఉంది. అది తీరేది కాదు. అందుకే ఇదంతా రాశాను.

మీ ఇంట్లో పెద్దవాళ్ళున్నారా? ఈ రాత్రి వాళ్ళకి వడ్డించాక మీరు నిలబడొద్దు. మీ కంచం కూడా తెచ్చుకోండి.