చెత్తకు వెల, ఎరువుకు రాయితీ

వంటింటి వ్యర్థాలను ఎరువుగా మార్చే గృహస్థులకు పన్నులో కొంత తగ్గించే పద్ధతి కొన్ని దేశాలలో అమలులో ఉంది. దాని ఔచిత్యం గ్రహించాలంటే, చెత్తబుట్టలో పడిన ఆహారం చివరకు ఏమవుతుందో ముందుగా తెలుసుకోవాలి.

2018లో అమెరికాలో పాతిపెట్టిన పురపాలక చెత్తలో 24 శాతం ఆహార పదార్థాలేనని ఆ దేశ పర్యావరణ పరిరక్షణ సంస్థ లెక్కగట్టింది. గాలి చొరని ఆ గుట్టల అడుగున, ప్రాణవాయువు అవసరం లేని సూక్ష్మజీవులు ఆహారాన్ని కుళ్ళబెట్టి మీథేన్ వాయువును పుట్టిస్తాయి. నూరేళ్ళ కాలానికి లెక్కిస్తే, ఇది అంతే బరువు గల బొగ్గుపులుసు వాయువు కంటే సుమారు 28 రెట్లు అధికంగా భూమిని వేడెక్కిస్తుంది.

అవే తొక్కలను ఎండుటాకులతో కలిపి, గాలి ఆడేలా అప్పుడప్పుడు తిరగవేస్తే, ప్రాణవాయువుతో జీవించే సూక్ష్మజీవులు పని మొదలుపెడతాయి. మీథేన్ పుట్టుక చాలావరకు తగ్గి, కొన్ని నెలలలో నల్లని ఎరువు తయారవుతుంది. కూరగాయల తొక్కలు, కాఫీ పిప్పి నత్రజనిని, ఎండుటాకులు కర్బనాన్ని సమకూరుస్తాయి. ఒక పాలు నత్రజనికి 25 నుండి 30 పాళ్ళ కర్బనం అనుకూలం. మాంసం, నూనె వంటకాలు, పెరుగన్నం మాత్రం పెరటి కుప్పలో వేయరాదు. అవి దుర్వాసనకు, ఎలుకలకు తావిస్తాయి.

ఇందులో శ్రమ ఒక ఇంటిది, ఫలం ఊరందరిది. ఈ అంతరాన్ని పూడ్చడమే రాయితీ ఉద్దేశం. ఇంట్లో కంపోస్టు చేసుకునేవారికి చెత్త పన్ను తగ్గించేందుకు ఇటలీలో 2015 నాటి చట్టం వీలు కల్పించింది. మన దేశంలో పుణె నగరపాలక సంస్థ వానపాముల ఎరువు వంటి ఏర్పాట్లు గల ఇళ్ళకు ఆస్తిపన్నులో రాయితీ ప్రకటించింది.

అయితే ఈ పద్ధతికి రెండు లోపాలున్నాయి. దరఖాస్తు చేసి ఆపై మానివేసినవారిని తనిఖీ లేనిదే గుర్తించడం కష్టం. పెరడు లేని అపార్టుమెంటు వాసులకు ఈ ప్రయోజనం సులభంగా అందదు. అందుచేత కొన్నిచోట్ల చెత్తకే వెల కట్టారు. ఆహార వ్యర్థాలను నేరుగా పాతిపెట్టడాన్ని 2005లో నిషేధించిన దక్షిణ కొరియా, 2013 నుండి వాటి పరిమాణాన్ని బట్టి ఇళ్ళ వద్ద రుసుము వసూలు చేస్తోంది. అమెరికాలోని సియాటిల్‌లో చెత్తడబ్బా పెద్దదైనకొద్దీ రుసుము పెరుగుతుంది. అక్కడ తొక్కలను వేరుచేసి చిన్న డబ్బాకు మారిన కుటుంబానికి ఆదా ప్రతి బిల్లులోనూ కనిపిస్తుంది. వెల మరీ పెంచితే చెత్తను చాటుగా పారవేసేవారూ ఉంటారు గనుక, వేరుచేసిన వ్యర్థాలను సేకరించే ఏర్పాటు కూడా వెంట ఉండాలి.

తెలుగు పల్లెలో పెంటకుప్పకు ఏ రాయితీ అవసరం లేకపోయింది. రైతుకు దాని విలువ పొలంలోనే కనిపించేది. పట్టణవాసికి ఆ పొలం లేదు. ఆ విలువను అతని బిల్లులో చూపడమే నేటి పన్ను విధానం చేయవలసిన పని. ప్రవాస కుటుంబాలు తమ ఊరి చెత్త బిల్లును ఒకసారి పరిశీలించి, చిన్న డబ్బాకు రుసుము తగ్గుతుందో లేదో పురపాలక కార్యాలయంలో విచారించడం మంచిది.