గొయ్యి నుంచి డ్రమ్ముకు

మండపేట చుట్టుపక్కల ఎరువు కోసం గొయ్యి తవ్వితే శ్రావణమాసానికి అది నీళ్లగుంట అవుతుంది. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యాక కాలవ నీళ్లు పారిన బంకనేల ఇది. కాస్త లోతుకే ఊట తగులుతుంది. నీట మునిగిన చెత్తకు గాలి అందదు, గాలందని చెత్త కంపు కొడుతుంది. పూర్వం పశువుల పేడ, గడ్డి కలిపి దొడ్లో ఎత్తుగా కుప్ప వేసేవారు కాబట్టి ఆ ఇబ్బంది అంతగా తెలిసేది కాదు. ఇప్పుడు చాలా ఇళ్లకు పశువులూ లేవు, దొడ్డీ లేదు. రోజూ నిండే తడిచెత్త బకెట్టు మాత్రం ఉంది. నేలను అంటకుండా స్టాండు మీద తిరిగే కంపోస్టు డ్రమ్ము గోదావరి డెల్టా ఇంటికి సరిపోయే యంత్రమని నేను గట్టిగా నమ్ముతాను.

దాని వంశం ఇందోరులో మొదలవుతుంది. 1924 నుంచి అక్కడ పరిశోధన చేసిన ఆల్బర్ట్ హోవార్డ్, సహచరుడు యశ్వంత్ వాడ్‌తో కలిసి 1931లో తమ పద్ధతిని పుస్తకంగా తెచ్చారు. పంట వ్యర్థాలు, పేడ, మూత్రంతో తడిసిన మట్టి, బూడిద పొరలుగా పేర్చి, మూడుసార్లు తిరగవేస్తే దాదాపు మూడు నెలల్లో ఎరువు అవుతుంది. ఆ తిరగవేయడమే కష్టం. తడిసిన కుప్పను పారతో ఎత్తి పక్కకు వేయడానికి ఎంత ఒళ్లు వంచాలో పొలం పని చేసినవారికి చెప్పనక్కర్లేదు. బెంగళూరులో ఆచార్య అనే శాస్త్రవేత్త అసలు తిరగవేయనవసరం లేని పద్ధతి రూపొందించారు. అందులో శ్రమ తగ్గింది, వ్యవధి పెరిగింది. 1930లలో డెన్మార్క్‌లో డానో అనే సంస్థ మరో దారి పట్టింది. ఊరి చెత్తను పెద్ద ఇనుప డ్రమ్ములో పోసి మోటారుతో నెమ్మదిగా తిప్పింది. ఇటీవలి దశాబ్దాల్లో రూర్కీ ఐఐటీలో కూరగాయల చెత్త, రాలిన ఆకులతో ఇలాంటి డ్రమ్ముల మీద లోతైన ప్రయోగాలు జరిగాయి. పెరట్లోని చేతిపిడి డ్రమ్ము ఈ వంశంలో చిన్నది.

డ్రమ్ము తిరిగినప్పుడు లోపలి గడ్డలు విరిగి, సందుల్లోకి కొత్త గాలి చేరుతుంది. గాలితో బతికే సూక్ష్మజీవులు చెత్తను తింటూ వేడి పుట్టిస్తాయి. వేడి 55 డిగ్రీలకు చేరి మూడు రోజులు నిలిస్తే రోగక్రిములు, కలుపు గింజలు చాలావరకు చస్తాయి. అయితే ఇంటి డ్రమ్ముకు ఇక్కడే చిక్కు. అన్ని వైపులా మీటరు చొప్పున ఉండే ఘనమీటరు కుప్పకు 6 చదరపు మీటర్ల ఒళ్లు, అంటే ఉపరితలం, ఉంటుంది. 200 లీటర్ల డ్రమ్ముకు అదే లెక్కన ఘనమీటరుకు దాదాపు 10 చదరపు మీటర్లు అవుతుంది. ఒళ్లు ఎక్కువైతే వేడి అంత త్వరగా బయటికి పోతుంది. కాబట్టి డ్రమ్ము కంపోస్టు ఎప్పుడూ 55 డిగ్రీలకు కాగుతుందని ఆశపడకూడదు. తెగులు సోకిన మొక్కలను, గింజ పట్టిన కలుపును అందులో వేయకపోవడమే మంచిది.

నేను చూసినంతలో డ్రమ్ములు పాడయ్యేది తక్కువ తిప్పడం వల్ల కాదు, నీరు ఎక్కువై. కూర తొక్కలు, మిగిలిన అన్నం, పండ్ల పిప్పి దాదాపు నీళ్లే. వాటిని ఒంటిగా వేసి తిప్పితే ముద్దలు కడతాయి, ఆ ముద్దల లోపలికి గాలి పోదు. కార్బన్ 25 నుంచి 30 పాళ్లకు నత్రజని ఒక పాలు ఉండాలి, తేమ సగానికి కాస్త పైన ఉండాలి. ఈ రెండూ సర్దడానికి కోనసీమలో వెతుక్కోవాల్సిన పనే లేదు. పీచు తీసేచోట గుట్టలుగా పడి ఉండే కొబ్బరి పొట్టు ఉంది. అందులో ఒక పాలు నత్రజనికి కార్బన్ వంద పాళ్లు దాటుతుంది, తన బరువుకు ఎన్నో రెట్లు నీటిని పీల్చుకుంటుంది. కడియం నర్సరీల్లో మొక్కలకు వాడేదీ ఇదే. లిగ్నిన్ అనే గట్టి పదార్థం ఎక్కువ కాబట్టి అది పూర్తిగా చివకదు, ఎరువులో మెత్తని నారలా మిగిలినా మట్టికి మేలే. మండపేట మిల్లుల ఊకా గుల్లగా ఉంచుతుంది కానీ సిలికా ఎక్కువ, నెలలు గడిచినా అలాగే ఉంటుంది. గుప్పెడు చాలు. బకెట్టు తడిచెత్తకు బకెట్టు పొట్టు, ఎండుటాకులు. చేతిలో పిండితే ఒకటి రెండు చుక్కలు రావాలి, ధార కారితే మరికాస్త పొట్టు వేయాలి.

తయారీకి 200 లీటర్ల నీలం ప్లాస్టిక్ డ్రమ్ము, మధ్యగా దూర్చిన జీఐ పైపు, వెల్డింగ్ షాపులో చేయించిన స్టాండు కావాలి. మూడింట రెండొంతులకు మించి నింపకూడదు, నింపితే లోపల కదలడానికి చోటుండదు. అంతవరకు నిండినా 80 కిలోల దాకా బరువు తూగుతుంది కాబట్టి స్టాండు గట్టిగా ఉండాలి. చుట్టూ వేలెడు దూరానికో చిన్న రంధ్రం, అడుగున ఊట దిగే రంధ్రం ఉంటే చాలు. రెండు మూడు రోజులకోసారి నాలుగైదు చుట్లు తిప్పాలి. చేప వ్యర్థాలను మాత్రం చిన్న డ్రమ్ములో వేయవద్దంటాను, ఈగలు, కంపు ముందు ఇంటివాళ్లనే వేధిస్తాయి.

రోజూ కొత్త చెత్త పడుతూ ఉంటే పాతది ఎప్పటికీ పండదు. ఇంటికి ఒకే డ్రమ్ము కొనేవారు ఎక్కువగా నిరుత్సాహపడేది ఇక్కడే. రెండు డ్రమ్ములు పెట్టుకోవాలి, లేదా మధ్యలో అడ్డుపలక ఉన్నది చూసుకోవాలి. ఒకవైపు నింపుతుంటే మరోవైపు పండుతుంది. డ్రమ్ములోంచి తీశాక నీడలో కుప్పగా పోసి నెల రోజులు చల్లారనివ్వాలి. వానపాములను వదలాలనుకుంటే ఈ దశలోనే వదలాలి. డ్రమ్ములో వేడికీ దొర్లుడుకీ అవి నిలవవు. నల్లగా, పొడిపొడిగా, వానకు తడిసిన మట్టి వాసన వేస్తే బెండ, వంగ పాదులకు వేయవచ్చు. కొబ్బరి చెట్టుకైతే మొదలుకు ఆనించకుండా, పాదు అంచున చల్లి మట్టి కప్పాలి.