వెనక్కి తిరిగితే... వలయాల ధూళి!

శనికి వలయాలున్నాయని చిన్నపిల్లాడైనా చెబుతాడు. మరి యురేనస్‌కో? 1977 మార్చి 10 వరకూ ఎవరికీ తెలీదు! ఆరోజు యురేనస్ ఓ నక్షత్రం ముందు నుంచి సాగింది. గ్రహం ఇంకా దూరంగా ఉండగానే నక్షత్రం వెలుగు గబుక్కున తగ్గి మళ్లీ వచ్చింది. విమానంలోంచి చూస్తున్న అమెరికా బృందంతోపాటు తమిళనాడులోని కావలూరు అబ్జర్వేటరీ కూడా దాన్ని పట్టుకుంది. కావలూరు సారథి వైను బప్పు, హైదరాబాద్ నిజామియా అబ్జర్వేటరీ ఉద్యోగి కొడుకే.

అలా తొమ్మిది వలయాలు తేలాయి. 1986 జనవరి 24న వోయేజర్-2 వెళ్లి మరో రెండు చూపించింది. గ్రహం దాటాక వెనక్కి తిరిగి, సూర్యుడికి ఎదురుగా ఫొటో తీస్తే... వలయాల మధ్య సన్నని ధూళి పట్టీలు! బొబ్బిలిలోనో పలాసలోనో పాత పెంకుటింట్లో చూరు సందులోంచి ఎండ పడగానే కనిపించని దుమ్ము మెరుస్తుంది కదా, అచ్చం అలాగే!

ఆ తర్వాత మరే నౌకా యురేనస్ దరికి వెళ్లలేదు.