విశ్వాసము – వ్యాపారము – స్వయంకృషి

వ్యాపారం కలిసొస్తే దేవుడి దయ అంటాం. మునిగిపోతే మన ఖర్మ అంటాం. మా క్రైస్తవుల ఇళ్ళల్లో ఖర్మ అనరు, దేవుని చిత్తం అంటారు. మాట మారింది గాని, మధ్యలో మనిషి చేసిన పనికి చోటెక్కడ అని అడిగేవారు తక్కువ. ప్రార్థన వుంటే చాలు, దుకాణం దానంతటదే నడుస్తుందనేవారు ఒక పక్క. రెక్కల కష్టం తప్ప మరేదీ లేదనేవారు ఇంకో పక్క. ఈ వాదం తేల్చుకోవటానికి దూరం పోనక్కరలేదు. మన తీరాంధ్రలోనే చూడదగిన సంగతులు వున్నాయి.

ముందుగా కాకినాడ సంగతి. థామస్ గాబ్రియేలు గారు తెలుగువారు, తంతి శాఖలో ఉద్యోగి. ఆ రోజుల్లో సర్కారు కొలువంటే సామాన్యమా? దానిని వదులుకుని 1860ల చివరలో కాకినాడలో సువార్త పని మొదలుపెట్టారు. వ్యాపారం చేసి, ఆ లాభంతోనే పనిని నడపాలని ఆయన ఆశ. చేయి చాపకుండా బతకాలన్న ఆ పట్టుదలకు ఎవరైనా నమస్కరించవలసిందే. గాని వ్యాపారం దెబ్బతింది, అప్పులు మీద పడ్డాయి. చివరకు కెనడా బాప్టిస్టులను సాయం కోరారు. 1874లో జాన్ మెక్‌లారిన్ దొర వచ్చి కాకినాడ పనిని చేపట్టారు. మరుసటి యేడు గాబ్రియేలు గారు కన్నుమూశారు. అదే 1875లో సయాం దేశం నుంచి మరికొందరు కెనడా మిషనరీలు కాకినాడ చేరి, అక్కడినుంచి భీమునిపట్నం, బొబ్బిలి, శ్రీకాకుళం వైపు వచ్చారు. మన రెండు జిల్లాల బాప్టిస్టు సంఘాలకు మూలం అక్కడుంది.

మరి గాబ్రియేలు గారికి విశ్వాసం తక్కువైందని ఎవరనగలరు? కష్టపడలేదనీ అనలేం. ఒక వ్యాపారం చేత రెండు సంసారాలు ఈదించటం బహు కష్టం. రైతుబిడ్డకు ఇది వేరే చెప్పనక్కరలేదు. విత్తనపు గింజలు కూడా వండుకు తింటే, ఎంత పుణ్యకార్యానికి వండినా సరే, వచ్చే యేడు చేను బీడే.

ప్రయోగశాలలో ఒక ప్రయోగం అందరం చేసే వుంటాం. పొటాషియం క్లోరేటుకు కాస్త మాంగనీస్ డయాక్సైడు కలిపితే తక్కువ వేడికే, తొందరగా ఆక్సిజన్ వస్తుంది. రెండోది ఉత్ప్రేరకం. తాను ఖర్చయిపోదు, పనిని మాత్రం సులువు చేస్తుంది. గాని క్లోరేటే వేయని నాళికలో ఉత్ప్రేరకం దేనిని తొందరపెడుతుంది? వ్యాపారంలో విశ్వాసం అలాంటిదని నా వూహ. తాగుడు మానిపిస్తుంది, దొంగత్రాసు పట్టనివ్వదు, మాట తప్పనివ్వదు. మాట తప్పనివాడికి అరువు పుడుతుంది. ఇవన్నీ నిజమైన లాభాలే. పెట్టుబడి, సరుకు, లెక్క మాత్రం మనిషి తెచ్చుకోవలసిందే.

బైబిలు కూడా దీనికి అడ్డు చెప్పదు. అపొస్తలుడైన పౌలు కొరింథులో అకుల, ప్రిస్కిల్ల అనే దంపతుల ఇంట వుండి, వారితో కలిసి డేరాలు కుట్టి తన కూడు తాను సంపాదించుకొన్నాడు. తలాంతుల కథలో యజమాని కోపం వ్యాపారం చేసినవాళ్ళ మీద కాదు, సొమ్ము పోతుందేమోనని గోతిలో పాతిపెట్టినవాడి మీద. ఆ కథ మత్తయి సువార్తలో వుంది. మత్తయి సుంకరి, అంటే లెక్కలు తెలిసినవాడు!

మంగుళూరులో బాసెల్ మిషన్ వారు 1865లో పెంకుల కార్ఖానా పెట్టారు. మతం మారినందుకు కులవృత్తి, ఇంటి ఆసరా పోయినవారికి పని చూపించాలి గదా. మన వైపు బెంగుళూరు పెంకు అని పిలుచుకొనే పెంకు ఆ జాతిదే.

ఇక నర్సాపురం లేసు సంగతి కొంచెం వివరంగా చెప్పుకోవాలి. 1844 ప్రాంతంలో స్కాట్లండ్ నుంచి వచ్చిన మెక్రే దంపతులు అక్కడి పేద క్రైస్తవ స్త్రీలకు ఈ అల్లిక నేర్పారని చెబుతారు. ఒక సూది, ఒక దారపు వుండ, ఇంటి అరుగు చాలు. కరువు రోజుల్లో ఆ సూదే ఎన్నో ఇళ్ళను ఆదుకొంది. తరువాత వర్తకులు దిగారు, ఎగుమతులు పెరిగాయి. మరియా మీస్ అనే జర్మన్ పరిశోధకురాలు ఆ స్త్రీల మధ్య తిరిగి, 1982లో ఒక పుస్తకం వెలువరించారు. ఇంటి చాకిరీ కాక రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటలు అల్లినా, చేతికి రోజుకు రూపాయి కూడా రావటం లేదని తేల్చారు. పైగా వాళ్ళది పనే కాదట, తీరిక వేళ కాలక్షేపమట! లాభం ఎగుమతిదారుకు పోయింది. అక్కడ విశ్వాసం వుంది, కృషి వుంది. సరుకు ఎక్కడికి పోతుందో, ఎంతకు అమ్ముతారో తెలుసుకొనే వీలే లేదు. 2024లో ఆ లేసుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ గుర్తింపు వలన అల్లే చేతికి ఎంత ముడుతుందన్నదే చూడాలి.

నేను ఇదంతా రాయటానికి కారణం మా వుద్దానం. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను మా జీడి, కొబ్బరి తోటలను నేలమట్టం చేసింది. జీడిమొక్క నాటితే కాపుకు మూడు నాలుగేళ్ళు ఆగాలి. చేతిలో డబ్బు లేనివేళ, మళ్ళీ గొయ్యి తవ్వి మొక్క పెట్టాలంటే ఏదో ఒక నమ్మకం లేనిదే చెయ్యి ఆడదు. మా నాన్న ప్రార్థన చేసే నాటాడు. మా తాత పక్కన నిలబడి, "వాన దేవుడిదేరా, గట్టు మాత్రం మనదే" అని గొప్పు తవ్వించాడు. ఇప్పుడు తోట కాపుకొచ్చింది. గాని ఎనభై కిలోల బస్తా తూచే రోజున ధర చెప్పేది దళారీయే. పలాసలో ఆ రోజు ధర ఎంతో మాకు తెలిసేసరికి బస్తా బండెక్కేస్తుంది.

అందుకని మా యువజనులం కొందరం ఒక మాట అనుకొన్నాం. జీడి రోజుల్లో, ఆదివారం ఆరాధన అయిన తరువాత, వరండాలో నల్లబల్ల మీద ఆ వారం పలాస ధర రాయాలని. రాత రానివారికి పద్దు పుస్తకం రాసిపెట్టాలని. ఇద్దరు ముగ్గురు పెద్దలు ఒప్పుకొన్నారు. మిగిలినవారు, యేసుప్రభువు దేవాలయంలోంచి వర్తకులను తరిమేశాడు గదా, మీరు మళ్ళీ తెస్తారా అన్నారు. ఆయన తరిమింది అక్కడ డబ్బు మార్చేవాళ్ళను, పావురాలమ్మేవాళ్ళనే గాని, కొనేవాడికి సరైన ధర చెప్పేవాడిని కాదు గదా అని మేమన్నాం. వాదన ఇంకా తెగలేదు. ప్రస్తుతానికి నల్లబల్లను చర్చి ఎదుట చింతచెట్టుకు తగిలించాం.