బండల ఇంట్లో వైఫై!

రాత్రి పదిన్నర. పరీక్ష దరఖాస్తుకు గడువు పన్నెండింటి దాకానే. వికారాబాద్ జిల్లా యాలాల్‌లో ఓ ఇల్లు అనుకోండి. సెలవులకు ఇంటికొచ్చిన అమ్మాయి ముందు పాత ల్యాప్‌టాప్, చేతిలో కొత్త ఫోను. సిగ్నల్ నిండుగా ఉంది. హాట్‌స్పాట్ ఆన్ చేసింది. కానీ ల్యాప్‌టాప్‌లో దాని పేరే కనిపించదు.

'ఏమైంది బిడ్డా?'

'ఫోన్ల నెట్టు మంచిగనే ఉంది నాయినా... దీంట్లకే వస్తలేదు.'

తాండూరుకు పరిగెడదామంటే ఈ వేళప్పుడు నెట్ సెంటర్ ఎవరు తెరుస్తారు? ఇలాంటి రాత్రి ఎవరింట్లోనైనా రావచ్చు. కంగారుపడకుండా చిక్కెక్కడుందో చూసుకుంటే చాలు.

రెండు దారులు

వైఫై ఎక్కువగా నడిచేది రెండు దారుల్లో. 2.4 గిగాహెర్ట్జ్ నెమ్మదే, కానీ దూరం వెళ్తుంది. 5 గిగాహెర్ట్జ్ వేగంగా పరిగెడుతుంది, గోడ అడ్డొస్తే త్వరగా డీలా పడుతుంది. పాత ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి మొదటి దారే తెలుసు. ఫోన్ రెండో దారిలో పిలుస్తుంటే వాటికి వినపడదు! హాట్‌స్పాట్ సెట్టింగుల్లో బ్యాండును 2.4కి మార్చండి. కొత్త ఐఫోన్లలో అయితే 'మ్యాగ్జిమైజ్ కంపాటిబిలిటీ' ఆన్ చేయాలి.

అప్పటికీ కుదరలేదా? డేటా కేబుల్‌తో ఫోన్‌ను ల్యాప్‌టాప్‌కు కలిపి యూఎస్‌బీ టెథరింగ్ నొక్కండి. ఫోన్‌కు కాస్త ఛార్జింగూ ఎక్కుతుంది. నెట్ కలిసినా వెబ్‌సైట్లు తెరుచుకోకపోతే ల్యాప్‌టాప్‌లో తేదీ, సమయం చూడండి. అవి తప్పుగా ఉంటే చాలా సైట్లు లోపలికి రానివ్వవు. విండోస్‌లో 'మీటర్డ్ కనెక్షన్' పెట్టుకుంటే అప్‌డేట్లు డేటానంతా మింగేయకుండా చాలావరకు ఆగుతాయి.

గోడ చాటు సిగ్నల్

తాండూరు అంటేనే నాపరాయి. మందపాటి రాతిగోడలు ఇంటిని చల్లగా ఉంచుతాయేమో కానీ వైఫైకి మాత్రం గిట్టవు. రూటర్‌ను మూల గదిలో, ఇనుప బీరువా వెనక పెట్టకండి. ఇంటి మధ్యలో, కాస్త ఎత్తులో ఉంచండి. మైక్రోవేవ్ ఓవెన్‌కు దూరంగా పెట్టండి, అదీ 2.4 దారిలోనే అల్లరి చేస్తుంది.

అడ్డు లేకపోతే ఇదే వైఫై ఎంత దూరం వెళ్తుందో తెలుసా? 2000 దశకంలో బైర్రాజు ఫౌండేషన్ 'అశ్విని' పేరుతో పశ్చిమగోదావరి జిల్లా పల్లెల్ని వైఫై పరికరాలతోనే కలిపింది. ఎత్తయిన టవర్లు, ఒకే దిక్కుకు గురిపెట్టిన యాంటెన్నాలు... గది దాటని సిగ్నల్ కిలోమీటర్ల కొద్దీ పొలాలు దాటింది. పల్లెవాసులకు చదువునూ వైద్యుడి సలహానూ తెరమీదికి తెచ్చింది.

మౌస్ పలకదేం?

బ్లూటూత్ పేరు పదో శతాబ్దపు డెన్మార్క్ రాజు హెరాల్డ్ బ్లూటూత్‌ది. వేర్వేరు తెగల్ని ఆయన కలిపినట్టే ఇది పరికరాల్ని కలుపుతుంది. కానీ ముందు పరిచయం చేయాలి. ఇయర్‌ఫోన్, మౌస్ వంటివాటిని 'పెయిరింగ్' స్థితిలో పెడితేనే ల్యాప్‌టాప్‌కు కొత్తగా కనిపిస్తాయి. అవి అప్పటికే ఫోన్‌తో జతకట్టి ఉంటే అక్కడ విడదీయండి. వైఫై ప్రింటర్ సంగతి వేరు. సాధారణంగా అదీ, ల్యాప్‌టాపూ ఒకే నెట్‌వర్క్‌లో ఉండాలి.

తాళం మరవొద్దు

పాతకాలపు డబ్ల్యూఈపీ తాళాన్ని ఛేదించవచ్చని 2001లోనే తేలిపోయింది. రూటర్‌లో డబ్ల్యూపీఏ2 లేదా డబ్ల్యూపీఏ3 పెట్టుకోండి. పాస్‌వర్డ్‌గా ఫోన్ నంబరు వద్దు. స్టేషన్లో, హోటల్లో ఉచిత వైఫై దొరికిందని బ్యాంకు పనులు మొదలెట్టొద్దు. అదే పేరుతో ఎవరో వల పన్ని ఉండొచ్చు.

మన అమ్మాయి బ్యాండు మార్చింది. పేరు కనిపించింది. పదకొండూ నలభైకి దరఖాస్తు వెళ్లిపోయింది. నాన్న అప్పటికిగానీ మంచమెక్కలేదు!

మీరు మాత్రం అంతదాకా తెచ్చుకోకండి. గడువుకు వారం ముందే ఫోన్‌నూ ల్యాప్‌టాప్‌నూ ఒకసారి కలిపి చూసుకోండి.