నాలుగు ముఖాల రౌటర్‌కు ఫైర్‌వాల్ నియమాలు

వేర్వేరు నెట్‌వర్కులను కలిపే పరికరమే రౌటర్. ఒకే రౌటర్‌కు మూడు నాలుగు నెట్‌వర్కులు కలిసినప్పుడు దేని నుంచి దేనికి దారి ఇవ్వాలి, దేనికి ఇవ్వకూడదు అన్నది ఈ పాఠంలో తెలుసుకుందాం.

ఢిల్లీ అశోకా రోడ్డులోని ఆంధ్రభవన్ పేరు వినని తెలుగువారు తక్కువ. అక్కడి క్యాంటీన్ భోజనం అంత ప్రసిద్ధి. అయితే భోజనానికి లోపలికి వచ్చిన వ్యక్తి అక్కడి నుంచి అతిథుల గదుల్లోకో, కార్యాలయంలోకో నేరుగా నడిచి వెళ్తానంటే కుదరదు కదా! గేటు దగ్గర ఒకసారి చూసి వదిలేస్తే చాలదు. లోపల ఒక భాగం నుంచి మరో భాగానికి వెళ్లేచోట కూడా అడగాలి.

అలాంటి ఒక అతిథి గృహాన్ని ఊహించుకుందాం. దాని రౌటర్‌కు నాలుగు ఇంటర్‌ఫేస్‌లు ఉన్నాయి. ఒకటి ఇంటర్నెట్ వైపు, రెండోది కార్యాలయం వైపు, మూడోది అతిథుల వైఫై వైపు, నాలుగోది గదుల బుకింగ్ సర్వర్ వైపు. ఒక్కొక్క ఇంటర్‌ఫేస్ నుంచి మిగిలిన మూడింటికి దారులున్నాయి కాబట్టి మొత్తం 12 దారులు. చాలామంది ఇంటర్నెట్ నుంచి లోపలికి వచ్చే మూడు దారులను మాత్రమే కాపలా కాసి, పని అయిపోయిందనుకుంటారు. మిగిలిన తొమ్మిది తెరిచే ఉంటాయి.

దీని ఫలితం ఎలా ఉంటుందో ఢిల్లీలోనే కనిపించింది. 2022 నవంబరు 23న ఎయిమ్స్ ఆస్పత్రి సర్వర్లపై దాడి జరిగింది. ఐదు సర్వర్లలోని సుమారు 1.3 టెరాబైట్ల సమాచారం చదవడానికి వీలులేకుండా పోయింది. రోగుల నమోదు చాలా రోజులపాటు కాగితాల మీద, చేత్తో సాగింది. నెట్‌వర్కును సరిగా విభజించకపోవడమే దీనికి కారణమని ప్రభుత్వం ఆ తర్వాత పార్లమెంటుకు తెలిపింది. దాడి సోకని మరో సర్వర్‌లో నకలు ఉండబట్టి సమాచారం తిరిగి దక్కింది.

ఇక నియమాల సంగతి. ప్యాకెట్ రాగానే ఫైర్‌వాల్ అది ఏ ఇంటర్‌ఫేస్‌లోంచి వచ్చింది, ఏ ఇంటర్‌ఫేస్ గుండా పోబోతోంది, ఎవరి చిరునామాతో ఎవరికి, ఏ పోర్టుకు అన్నవి చూస్తుంది. వీటిలో పంపినవారి చిరునామాను పూర్తిగా నమ్మలేం. కవరు మీద 'ఫ్రం' అడ్రసు ఎవరైనా ఏదైనా రాయవచ్చు! కానీ ప్యాకెట్ ఏ తలుపులోంచి వచ్చిందో రౌటర్‌కు స్వయంగా తెలుసు. కార్యాలయం చిరునామాలు 192.168.10 తో మొదలవుతాయనుకోండి. అదే చిరునామా పెట్టుకుని ఇంటర్నెట్ వైపు నుంచి ప్యాకెట్ వస్తే అది దొంగ ప్యాకెట్టే. దాన్ని ఆపే నియమం మొదట రాయాలి.

రెండోది, ముందే అనుమతి పొందిన సంభాషణలకు వచ్చే జవాబులను రానివ్వడం. ఆ తర్వాత కార్యాలయం నుంచి ఇంటర్నెట్‌కు, కార్యాలయం నుంచి సర్వర్ 443 పోర్టుకు, అతిథుల నుంచి ఇంటర్నెట్‌కు, ఇంటర్నెట్ నుంచి సర్వర్ 443 పోర్టుకు అనుమతులు. చివరగా, మిగిలినవన్నీ నిరాకరణ. సర్వర్ నుంచి కార్యాలయానికి కొత్తగా మొదలయ్యే దారి ఇందులో లేదని గమనించండి. సర్వర్ దొంగ చేతికి చిక్కినా అతను అక్కడితో ఆగాలి.

ఇక్కడే ఒక చిన్న పొరపాటు జరుగుతుంది. 'అతిథుల నుంచి 443 పోర్టుకు అనుమతి' అని రాసి, ఏ ఇంటర్‌ఫేస్ గుండా బయటికి పోవాలో రాయడం మరిచిపోతారు. అప్పుడు అతిథులు కార్యాలయంలోని 443 పోర్టులకు కూడా వెళ్లగలుగుతారు. వైఫై చక్కగా పనిచేస్తుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు.

నియమాల వరుస కూడా ముఖ్యం. లినక్స్‌లోని ఐపీటేబుల్స్ పై నుంచి కిందికి చదువుతూ, సరిపోయిన మొదటి అనుమతి లేదా నిరాకరణ దగ్గర ఆగుతుంది. ఓపెన్ బీఎస్‌డీలోని పీఎఫ్ మాత్రం 'క్విక్' అన్న మాట లేకపోతే సరిపోయిన చివరి నియమాన్ని అమలు చేస్తుంది. ఒకదాని నియమాలను రెండోదానికి అదే వరుసలో ఎక్కిస్తే అర్థం తలకిందులవుతుంది.

రౌటర్ గుండా పోయే ప్యాకెట్లు వేరు, రౌటర్‌కే వచ్చేవి వేరు. మొదటివి 'ఫార్వర్డ్' వరుసలోకి, రెండోవి 'ఇన్‌పుట్' వరుసలోకి వెళ్తాయి. అతిథులను కార్యాలయంలోకి పోనివ్వకుండా ఫార్వర్డ్‌లో ఆపారనుకుందాం. కానీ కార్యాలయం వైపున్న 192.168.10.1 రౌటర్ సొంత చిరునామా. దాన్ని ఇన్‌పుట్‌లో ఆపకపోతే అతిథులు రౌటర్ సెట్టింగుల పేజీని తెరవవచ్చు. అలాగని ఇన్‌పుట్‌ను పూర్తిగా మూసినా చిక్కే. పేర్లు వెతికి ఇచ్చే పని రౌటర్‌దే అయితే అతిథులకు 53వ పోర్టు తెరిచి ఉంచాలి, లేకపోతే ఇంటర్నెట్ ఉన్నా ఏ పేజీ తెరుచుకోదు.

ఐపీటేబుల్స్ నియమాలు ఐపీ నాలుగో వెర్షన్‌కు మాత్రమే వర్తిస్తాయి. ఆరో వెర్షన్ వాడుతుంటే వాటిని విడిగా రాయాలి. 2014లో వచ్చిన ఎన్‌ఎఫ్‌టేబుల్స్‌లో రెండింటినీ ఒకేచోట రాయవచ్చు.

దూరంగా కూర్చుని రౌటర్‌ను సరిచేస్తున్నప్పుడు, మీకు అనుమతి ఇచ్చే నియమం కన్నా ముందు 'అన్నీ నిరాకరణ' అమలు చేశారో, మీరే బయట ఉండిపోతారు. ఈ పని చేయని నెట్‌వర్కు ఉద్యోగి అరుదు. అందుకే ఐదు నిమిషాల్లో పాత నియమాలు తిరిగి వచ్చేలా ముందే ఏర్పాటు చేసుకుని, కొత్తవి అమలు చేసి, నాలుగు వైపుల నుంచీ ఒక్కొక్క దారిని పరీక్షించి, అంతా సరిగా ఉంటేనే ఆ ఏర్పాటును రద్దు చేస్తారు.